కారు స్టీరియో సొంతంగా బిగించుకునేవారి సందేహాలు – జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ సెట్టు, ఆంప్ (శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్), ఊఫర్ (లోతైన శబ్దాల పెద్ద స్పీకరు) ఇంటి దగ్గరే బిగించుకుంటున్నవారివి. జవాబుల్లో మాటిమాటికీ మల్టీమీటరు వస్తుంది. అది లేకుండా ఈ పనికి దిగకండి. టెస్టర్ బల్బు వెలిగిందో లేదో చెబుతుంది తప్ప అక్కడ 12.6 వోల్టులున్నాయో 10.8 ఉన్నాయో చెప్పలేదు. ఇంకో సంగతి. డ్యాష్‌బోర్డులో చెయ్యి పెట్టేముందు 10 నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పి పక్కకు పెట్టండి. ముందు ప్లస్ జోలికి వెళ్లొద్దు. అది విప్పుతుండగా స్పానరు బాడీకి తగిలిందంటే నిప్పులు రాలతాయి.

ప్రశ్న: వ్యాగన్‌ఆర్‌లో కంపెనీ సెట్టు తీసి 9 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్టు నేనే పెట్టాను. పాట బాగానే వస్తోంది. కానీ రెండు రోజులు బండి తియ్యకపోతే మూడో రోజు సెల్ఫ్ తీసుకోవట్లేదు. బ్యాటరీ వేసి ఆరు నెలలే అయింది. – కరీంనగర్

జవాబు: ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీని కాదు, సెట్టు వెనక ఉన్న పసుపు, ఎరుపు వైర్లను. రెండూ ప్లస్సే గానీ పని వేరు. పసుపులో ఎప్పుడూ కరెంటు ఉండాలి. గడియారం, మీరు పెట్టుకున్న స్టేషన్లు, సెట్టింగులు నిలిచేది దానివల్లే. ఎరుపులో తాళం తిప్పినప్పుడు మాత్రమే 12 వోల్టులు రావాలి. సెట్టును లేపేది, పడుకోబెట్టేది అదే. రెండూ మెలేసి ఒకే ప్లస్‌కు కలిపినా పాట వస్తుంది. అయితే తాళం తీసిన సంగతి సెట్టుకు తెలియదు. మీరు తెర ఆర్పి దిగిపోతారు, లోపల ప్రాసెసరు పనిచేస్తూనే ఉంటుంది. అర ఆంపియరే లాగిందనుకున్నా రెండు రోజులకు 24 ఆంపియర్-అవర్లు. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. మూడో రోజు సెల్ఫ్ తిరగడానికి అందులో ఏం మిగులుతుంది?

సెట్టు బయటికి లాగి కప్లర్ (వైర్లన్నీ కలిసే ప్లగ్గు) ఊడదీయండి. బ్యాటరీ మైనస్ మళ్లీ తగిలించి, మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. నల్ల ప్రోబు బాడీ ఇనుముకు, ఎర్ర ప్రోబు కారు వైపు కప్లర్‌లో ఒక్కో పిన్నుకు. తాళం తీసినప్పుడు కూడా 12 పైన చూపించేది పసుపుకు వెళ్లాలి. తాళం తీస్తే సున్నాకు పడి, తిప్పితే 12కు లేచేది ఎరుపుకు. కారు వైర్ల రంగులు నమ్మకండి. ఎరుపు-పసుపు అనే పద్ధతి బయట కొన్న సెట్టు వైర్లకే వర్తిస్తుంది, కారు కంపెనీల రంగులు వాటివి. పాత ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బళ్లలోనైతే కప్లర్ పిన్నుల్లోనే ఈ రెండూ తారుమారుగా ఉంటాయి. మార్కెట్లో దొరికే కొన్ని కప్లర్లలో ఎరుపు, పసుపు వైర్ల మధ్యలో ఊడదీసి మార్చుకునే జాయింట్లు ఉండేది అందుకే.

ఈ రెండు వైర్లూ సరిగ్గానే ఉంటే దొంగ ఇంకెక్కడో ఉన్నాడు. బ్యాటరీ మైనస్ పోస్టుకు, విప్పిన క్లాంపుకు మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి కలపండి. తలుపులు మూసి, లాక్ చేసి 20–30 నిమిషాలు ఆగండి. కారులోని కంట్రోలర్లు నిద్రపోవడానికి ఆ సమయం పడుతుంది. ఆ తర్వాత 0.05 ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అంతకు మించితే ఒక్కో ఫ్యూజు పీకుతూ చూడండి, ఏది తీసినప్పుడు అంకె పడిపోతే దాని లైన్లో తప్పుంది. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజు పోతుంది. ఆండ్రాయిడ్ సెట్లలో కొన్నిటికి త్వరగా తెరుచుకోవడం కోసం తాళం తీసినా నిద్రావస్థలో ఉండే సెట్టింగు ఉంటుంది. అది ఆపేస్తే తెర రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది, బ్యాటరీ మాత్రం నిలుస్తుంది.

ప్రశ్న: సెట్టు డబ్బా మీద 50 వాట్లు × 4 అని ఉంది. స్పీకర్ల మీద 60 వాట్లు ఆర్ఎంఎస్. మరి ఆంప్ ఎందుకు? – సిద్దిపేట

జవాబు: ఆ 50 ఒక్క క్షణం తాకే అంకె. ఆర్ఎంఎస్ అంటే నిలకడగా నడిచే శక్తి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కారులో ఉండేది 14.4 వోల్టులు. సెట్టులోని చిప్ దానితోనే నెట్టుకురావాలి. 4 ఓంల స్పీకరుకు 14.4 వోల్టుల శిఖరం ఇస్తే లెక్క ప్రకారం వచ్చేది 26 వాట్లు, అదీ చిప్‌లో ఏ నష్టమూ లేదనుకుంటే. నిజంగా శుభ్రంగా వచ్చేది 15 నుంచి 20. ఆంప్ లోపల వోల్టేజిని పెంచే ప్రత్యేక సర్క్యూటు ఉంటుంది, తేడా అక్కడే. మామూలుగా వినేవారికి సెట్టు ఒక్కటే చాలు. వాల్యూమ్ ముప్పావు దాటాక గొంతు పగిలినట్టు వినిపిస్తుంటేనే ఆంప్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: ఆంప్, 12 అంగుళాల ఊఫర్ కొన్నాను. ఆంప్ డిక్కీలో పెట్టాలి. ఇంటి వైరింగులో మిగిలిన 4 స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల) కాపర్ వైరు ఉంది. బ్యాటరీ నుంచి దాన్నే లాగవచ్చా? – గుంటూరు

జవాబు: వద్దు. వైరు మంచిదే, చోటు అది కాదు. మీ ఆంప్ మొత్తం 400 వాట్ల ఆర్ఎంఎస్ అనుకుందాం. క్లాస్ డి రకమైతే లాగిన కరెంటులో 80 శాతం దాకా శబ్దానికి వాడుతుంది, అంటే 500 వాట్లు లాగుతుంది, 13.5 వోల్టుల దగ్గర అది 37 ఆంపియర్లు. పాత క్లాస్ ఏబీ అయితే 50 దాటుతుంది. 4 స్క్వేర్ రాగి వైరు 5 మీటర్లకు నిరోధం 0.0215 ఓం. అందులో 40 ఆంపియర్లు పోతే 0.86 వోల్టు దారిలోనే హరించుకుపోతుంది. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ పట్టదు, ఇక్కడ ఉన్నదే 13.5. పైగా ఆ పోయినది కార్పెట్ కింద 34 వాట్ల వేడి అవుతుంది. ఇంటి వైరు పీవీసీ తొడుగు ఇంజిన్ వేడికి, ఆయిలుకు తట్టుకునేలా చేసింది కూడా కాదు.

40 ఆంపియర్ల దాకా 8 గేజి రాగి వైరు సరిపోతుంది. దాని కొలత 8.4 చదరపు మిల్లీమీటర్లు, 5 మీటర్లలో అదే కరెంటుకు పోయేది 0.4 వోల్టు. అంతకు మించితే 4 గేజి, అంటే 21 చదరపు మిల్లీమీటర్లు. అయితే చవక కిట్లలో రెండు మోసాలున్నాయి. ఒకటి, రాగి పూత పూసిన అల్యూమినియం. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే రాగి కాదు. అది అదే మందం రాగి మోసే దాంట్లో మూడింట రెండొంతులే మోస్తుంది, కాబట్టి 8 చోట 4 గేజి కొనాలి. రెండోది, లావుపాటి రబ్బరు తొడుగులో సన్నటి పోగులు. తొడుగు తీసి చూడండి: 8 గేజి పోగుల కట్ట దాదాపు 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. వేలంత లావు వైరులో అగ్గిపుల్లంత రాగి ఉంటే అంగట్లోనే వదిలేసి రండి.

ఇక ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. చాలామంది ఆంప్‌కు ఫ్యూజు ఉంది కదా అంటారు. ఆంప్ మీది ఫ్యూజు ఆంప్‌ను కాపాడుతుంది, బ్యాటరీ దగ్గరిది వైరును కాపాడుతుంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, కారు లోపలికి మధ్య ఉండే రేకు) రంధ్రం అంచుకు వైరు ఒరుసుకుని తొడుగు కోసుకుపోయిందంటే బ్యాటరీ వందల ఆంపియర్లు బాడీలోకి కుమ్మరిస్తుంది. ఆ కరెంటు ఆంప్ దాకా వెళ్లదు గనక అక్కడి ఫ్యూజుకు తెలియనే తెలియదు. నిప్పంటుకునేది ఇలాగే. ఆంప్ మీద 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండుంటే ఇక్కడ 40 వెయ్యండి. 8 గేజి వైరుకు 50 దాటి ఎప్పుడూ వెయ్యొద్దు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేసేవారున్నారు. అది జబ్బు వదిలేసి థర్మామీటరు పగలగొట్టడం.

వైరు లోపలికి తేవడానికి ఫైర్‌వాల్‌లో కంపెనీ వైర్లు వచ్చే రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) వెతకండి, అందులోంచే దూర్చండి. ఇంజిన్ వైపు మొత్తం గరుకు ప్లాస్టిక్ కొరుగేటెడ్ గొట్టం తొడగండి. పెడళ్లకు, స్టీరింగ్ రాడ్డుకు దూరంగా కట్టండి. అన్ని కనెక్షన్లూ అయ్యాక చివరగా ఫ్యూజు పెట్టండి.

ప్రశ్న: ఆంప్ పెట్టినప్పటి నుంచి యాక్సిలరేటరు తొక్కేకొద్దీ స్పీకర్లలో కుయ్‌మనే కూత పెరుగుతోంది. ఇంజిన్ ఆపితే పోతుంది. షాపులో నాయిస్ ఫిల్టర్ కొనమన్నారు. – నెల్లూరు

జవాబు: ఫిల్టర్ కొనకండి, ఇంకా ఆ అవసరం రాలేదు. ఆ కూత ఆల్టర్నేటర్‌ది (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే యంత్రం). ఇంజిన్ వేగంతో దాని స్థాయి మారడమే సాక్ష్యం. అది పాటలో కలుస్తోందంటే సెట్టు ఎర్త్‌కు (మైనస్ వైరు బాడీకి కలిసే చోటు), ఆంప్ ఎర్త్‌కు మధ్య వోల్టేజి తేడా ఉందని అర్థం. ఆ తేడా ఆర్‌సీఏ కేబుల్ (సెట్టు నుంచి ఆంప్‌కు పాట సిగ్నల్ తెచ్చేది) పై తొడుగు గుండా ప్రవహించి, సిగ్నల్‌లో దూరుతోంది.

అన్నీ ఆపి, ఆంప్ దగ్గర ఆర్‌సీఏలు ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. కూత అలాగే ఉంటే తప్పు ఆంప్ కరెంటులో, ఎర్త్‌లో ఉంది. పోతే ఆర్‌సీఏ, సెట్టు వైపు వెతకాలి. ఎటు తేలినా ఆంప్ ఎర్త్‌ను మాత్రం ముందు చూడండి, ఎక్కువసార్లు రోగం అక్కడే. మీటరు డీసీ మీద పెట్టి, ఒక ప్రోబు ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కు, మరొకటి పొడవాటి వైరుతో బ్యాటరీ మైనస్‌కు తగిలించండి. ఇంజిన్ నడుస్తూ, పాట గట్టిగా మోగుతున్నప్పుడు 0.2 వోల్టు దాటిందంటే ఎర్త్ బాగాలేదు. సరైన ఎర్త్ ఇలా ఉండాలి: వైరు 45 సెంటీమీటర్లు మించకూడదు, మందం ప్లస్ వైరంతే ఉండాలి, బాడీ రేకు మీది రంగును ఎమరీ కాగితంతో గీకి ఇనుము మెరిసేలా చేయాలి, రింగ్ లగ్ (వైరు చివర రింగు ముక్క) క్రింప్ చేసి, అంటే టూల్‌తో నొక్కి, పళ్ల వాషర్‌తో బిగించాలి, ఆపైన తుప్పు పట్టకుండా గ్రీజు రాయాలి. సీట్‌బెల్ట్ బోల్టు కంటికి బాగా కనిపిస్తుంది, కానీ దాన్ని ముట్టుకోకండి. అది ప్రాణం కాపాడే బోల్టు. పైగా దాని మరల మీద కంపెనీ వేసిన జిగురు ఉంటుంది గనక ఎర్త్ కూడా సరిగ్గా రాదు. రంధ్రం వెయ్యాల్సొస్తే ముందు బండి కిందికి దూరి చూడండి, పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపు పోయేది ఆ చుట్టుపక్కలే.

ఎర్త్ బాగుండీ కూత పోకపోతే సెట్టు ఆర్‌సీఏ సాకెట్ బయటి రింగుకు, సెట్టు లోహపు బాడీకి మధ్య మీటరుతో నిరోధం కొలవండి. దాదాపు సున్నా రావాలి. అసలు కలవకపోతే లోపల వెంట్రుకలాంటి ఎర్త్ ఫ్యూజు కాలిపోయింది. సెట్టు ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏలు పెట్టడం, తీయడం వల్లా, ఆంప్ ఎర్త్ వదులై దాని కరెంటంతా ఆర్‌సీఏ గుండా వెళ్లడం వల్లా అలా జరుగుతుంది. తాత్కాలికంగా బయటి రింగును సన్న వైరుతో సెట్టు బాడీకి కలిపి చూడండి; కూత మాయమైతే రోగం అదే. సెట్టు విప్పి బాగుచేయించడమే అసలు మందు.

కరెంటు వైరు ఒక పక్క, ఆర్‌సీఏ మరో పక్క లాగాలని అందరూ చెబుతారు. మంచిదే, లాగండి. కానీ ఎర్త్ చెడ్డదైతే వైర్లను రెండు వేర్వేరు కార్లలో లాగినా కూత పోదు.

ప్రశ్న: గెయిన్ ఎంత పెట్టాలి? మెకానిక్ చెవితో విని సగానికి తిప్పేశాడు. పాట పెంచితే ఊఫర్ నుంచి కాలిన వాసన వస్తోంది. – ఖమ్మం

జవాబు: వెంటనే తగ్గించండి. గెయిన్ ఇంకో వాల్యూమ్ కాదు. సెట్టు నుంచి వచ్చే సిగ్నల్ ఏ మేరకు ఉన్నప్పుడు ఆంప్ తన పూర్తి శక్తి ఇవ్వాలో చెప్పే అమరిక అది. ఒక సెట్టు 2 వోల్టులిస్తుంది, ఇంకొకటి 4. అవసరానికి మించి తిప్పితే ఆంప్ ఇవ్వలేని శక్తిని అడిగినట్టవుతుంది. తరంగం తల తెగిపోయి చదునవుతుంది. అప్పుడు ఊఫర్ లోపలి తీగచుట్టకు (కాయిల్) వేడి పెరుగుతుంది, వాసన అందుకే.

కొలిచి పెట్టే పద్ధతి ఇది. ఆంప్ నుంచి స్పీకరు వైర్లు విప్పేయండి. గెయిన్ కనిష్ఠానికి, బాస్ బూస్ట్ సున్నాకు తెచ్చి, సెట్టులో ఈక్వలైజరు చదును చేసి, లౌడ్‌నెస్ ఆపండి. 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మోగించండి. బ్లూటూత్‌లో వద్దు, ఫోన్ వాల్యూమ్ కూడా లెక్కలోకి వచ్చి గందరగోళం అవుతుంది. సెట్టు వాల్యూమ్ ముప్పావుకు, అంటే 40 అంకెలుంటే 30కి పెట్టండి. మీటరు ఏసీ వోల్టుల మీద, ప్రోబులు ఆంప్ స్పీకరు టెర్మినళ్లకు. ఇప్పుడు గెయిన్‌ను మెల్లగా తిప్పుతూ లెక్క ప్రకారం రావాల్సిన వోల్టుల దగ్గర ఆపండి.

వాట్లను ఓంలతో గుణించి వర్గమూలం తీస్తే ఆ వోల్టులు వస్తాయి. 50 వాట్లు, 4 ఓంలకు 14.1. 75 వాట్లు, 4 ఓంలకు 17.3. 250 వాట్లు, 4 ఓంలకు 31.6. 300 వాట్లు, 2 ఓంలకు 24.5. ఆంప్ ఆర్ఎంఎస్, స్పీకరు ఆర్ఎంఎస్ రెండిట్లో తక్కువది తీసుకోండి. డబ్బా మీది పెద్ద మ్యాక్స్ అంకె లెక్కలోకి రాదు.

డోర్ స్పీకర్ల ఛానళ్లకు 1000 హెర్ట్జ్ టోన్ వాడమని కొందరు చెబుతారు. చవక మీటర్ల ఏసీ రేంజి ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కోసం చేసింది, 1000 దగ్గర అంకె తప్పు చూపిస్తుంది. హై పాస్ ఫిల్టర్ (లోతైన శబ్దాలను ఆపేది; లో పాస్ సన్న శబ్దాలను ఆపుతుంది) ఆపి 100 హెర్ట్జ్ టోన్‌తో కొలవండి. అయ్యాక స్పీకర్లు తగిలించి, డోర్లకు హై పాస్ 80 హెర్ట్జ్, ఊఫర్‌కు లో పాస్ 80 హెర్ట్జ్ పెట్టండి. సెట్టు వాల్యూమ్ 30 దాటి ఎవరూ తిప్పకుండా చూసుకోండి. పిల్లలున్న ఇంట్లో ఇదే కష్టమైన భాగం.

ప్రశ్న: ఊఫర్‌కు రెండు జతల టెర్మినళ్లున్నాయి, 4+4 ఓం అని రాసి ఉంది. 4 ఛానళ్ల ఆంప్‌లో రెండు ఛానళ్లు కలిపి బ్రిడ్జ్ చేసి ఇచ్చాను. కాస్త పెంచగానే ప్రొటెక్ట్ లైటు వెలిగి ఆగిపోతోంది. – అనంతపురం

జవాబు: మీరు రెండు కాయిళ్లను ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి ఉంటారు. అప్పుడది 2 ఓంలు. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానల్‌కు అందులో సగమే కనిపిస్తుంది, అంటే 1 ఓం. చాలా 4 ఛానళ్ల ఆంప్‌లు బ్రిడ్జ్‌లో 4 ఓంలకు తగ్గితే ఒప్పుకోవు. ఒక కాయిల్ మైనస్‌ను రెండో దాని ప్లస్‌కు కలిపి వరసగా ఇస్తే 8 ఓంలవుతుంది; లైటు రాదు, శక్తి మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. పూర్తి శక్తి కావాలంటే 2 ఓంలు తట్టుకునే మోనో (ఒకే ఛానల్) ఆంప్ తీసుకోవాలి, లేదా ఊఫర్‌ను 2+2 ఓంలదిగా మార్చుకుని వరసగా కలపాలి. మీటరుతో కొలిస్తే 4 ఓంల కాయిల్ 3.2 నుంచి 3.6 దాకా చూపిస్తుంది, అది లోపం కాదు.

ప్రశ్న: వారంటీ పోతుందని కంపెనీ సెట్టు అలాగే ఉంచి ఆంప్ పెట్టాలనుకుంటున్నాను. ఆర్‌సీఏ సాకెట్లు లేవు. – హన్మకొండ

జవాబు: హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్ కొనండి, స్పీకరు వైర్లే దానికి సిగ్నల్ అవుతాయి. అది లేని ఆంప్ ఇప్పటికే ఉంటే మధ్యలో లైన్ అవుట్ కన్వర్టర్ (స్పీకరు సిగ్నల్‌ను ఆర్‌సీఏకు తగ్గట్టు తగ్గించేది) పెట్టాలి. కారు వైర్లు కోయకుండా, మీ మోడల్‌కు సరిపోయే మేల్-ఫిమేల్ కప్లర్ జత కొని మధ్యలో వైర్లు తీసుకోండి. రేపు అమ్మేటప్పుడు పీకి పక్కన పెట్టవచ్చు. స్పీకరు వైర్లు ఏవో తెలియకపోతే ఇన్సులేషన్ కాస్త జరిపి, సెట్టు ఆన్‌లో ఉండగా బాడీకి కొలవండి: స్పీకరు ప్లస్, మైనస్ రెండిట్లోనూ 6–7 వోల్టుల డీసీ కనిపిస్తుంది. ఆ వోల్టేజి చూసే కొన్ని ఆంప్‌లు రిమోట్ వైరు (ఆన్ అవ్వమని సెట్టు నుంచి ఆంప్‌కు చెప్పే వైరు) లేకుండానే ఆన్ అవుతాయి.

ఇక్కడే పాత అలవాటొకటి సెట్లను చంపుతోంది. క్యాసెట్ల కాలంలో స్పీకర్ల మైనస్‌లన్నీ బాడీకి కలిపేసేవారు, అప్పటి సెట్లలో అది నడిచింది. ఇప్పటి సెట్ల స్పీకరు మైనస్‌లో కూడా వోల్టేజి ఉంటుంది. బాడీకి తగిలితే లోపలి ఐసీ (చిప్) కాలుతుంది.

ప్రశ్న: డాలస్‌లో నేను వాడిన సెట్టు విజయవాడలో నాన్నగారి కారుకు పెడదామనుకుంటున్నాను. పనిచేస్తుందా? – అమెరికా నుంచి

జవాబు: పాట వస్తుంది, రేడియోతోనే చిక్కు. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లు 0.2 మెగాహెర్ట్జ్ ఎడంతో, చివరన బేసి అంకెతో ఉంటాయి: 88.1, 88.3 అలా. అక్కడి సెట్టు అలాగే గెంతుతుంది. మిర్చి 98.3, రెడ్ ఎఫ్ఎం 93.5 బేసి అంకెలే గనక దొరుకుతాయి. ఆకాశవాణి రెయిన్‌బో కృష్ణవేణి 102.2 మాత్రం దొరకదు. హైదరాబాద్ వెళ్తే వివిధ భారతి 102.8 కూడా అంతే. మీడియం వేవ్‌లో అక్కడ 10 కిలోహెర్ట్జ్ అడుగు, ఇక్కడ 9. విజయవాడ 837 మీద సూటిగా ఆగదు. సెట్టింగుల్లో ట్యూనర్ రీజియన్ లేదా స్టెప్ అని ఉంటే యూరప్‌కో ఆసియాకో మార్చండి, అన్నీ సర్దుకుంటాయి. అది లేకపోతే తేవద్దు, నాన్నగారు పొద్దున వినేది ఆకాశవాణే అయితే అసలు తేవద్దు. శాటిలైట్ రేడియో ఇక్కడ లేదు. వాల్యూమ్ గుండ్రం ఎడమ పక్కన ఉంటే ఇక్కడ అది పక్క సీటువాళ్ల చేతికి దగ్గరవుతుంది.

కొలతలు చూసుకోండి. డబుల్ డిన్ (రెండంతల ఎత్తుండే సెట్టు సైజు) 178 × 100 మిల్లీమీటర్లు. టొయోటా కార్లలో చోటు 200 వెడల్పు ఉంటుంది, పక్కల పట్టీలు కావాలి. అక్కడి వైర్ కప్లర్ ఇక్కడి కారుకు పట్టదు, సెట్టు వైపు ముక్క మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి. ఇదే సందర్భంలో మరో మాట: సెకండ్ హ్యాండ్ బజారులో చవగ్గా వచ్చే పాత జపాన్ సెట్ల ఎఫ్ఎం 76 నుంచి 90 దాకానే ఉంటుంది. మన స్టేషన్లు ఆ పైనే.

ప్రశ్న: వానాకాలం రాగానే ముందు డోర్ స్పీకర్లు గరగరమంటున్నాయి. చెక్క రింగు పెట్టి బిగించాను. – రాజమహేంద్రవరం

జవాబు: అద్దం మీద పడ్డ నీళ్లు రబ్బరు పక్క నుంచి డోరు లోపలికే జారి, అడుగున రంధ్రాల్లోంచి పోతాయి. అంటే స్పీకరు వెనక వైపు వానలోనే ఉంటుంది. మీది ఎండీఎఫ్ (చెక్క పొడిని ఒత్తి చేసిన పలక) రింగు అయితే నీళ్లు పీల్చి ఉబ్బి స్క్రూలు వదిలేసి ఉంటుంది. దాన్ని పారేసి పీవీసీ షీటుతోనో ఏబీఎస్ ప్లాస్టిక్‌తోనో చేసిన రింగు వెయ్యండి. రింగుకు, రేకుకు మధ్య ఫోమ్ టేపు. డోర్ ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ కాగితాన్ని చింపి వదిలేయకండి. స్పీకరు చోట మాత్రమే కోసి, మిగతాది బ్యూటైల్ (జిగురు రబ్బరు) టేపుతో మళ్లీ అతికించండి. స్పీకరుకు వెళ్లే వైరు టెర్మినల్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి రావాలి, అప్పుడు నీటి బొట్లు వంపు దగ్గరే రాలిపోతాయి. కొత్త స్పీకరు కొనేముందు అద్దం పూర్తిగా దించి లోతు కొలవండి. పేపర్ కోన్ వద్దు, పాలీప్రొపిలీన్ కోన్ తీసుకోండి.

డోరు రేకు అదరకుండా షీటు వేస్తానంటే బ్యూటైల్‌దే కొనండి. డాబా లీకులకు వేసే తారు షీటు చవక అని తెస్తే మే నెల ఎండకు కరిగి అద్దం యంత్రం మీదికి జారుతుంది. ఏది వేసినా డోరు అడుగు రంధ్రాలు మూయొద్దు.

ప్రశ్న: నెక్సాన్ ఈవీలో ఆంప్ పెట్టవచ్చా? రేంజి తగ్గుతుందా? – విశాఖపట్నం

జవాబు: అందులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఆంప్‌కు కరెంటు అక్కడి నుంచే. ఆల్టర్నేటర్ బదులు పెద్ద బ్యాటరీ నుంచి డీసీ కన్వర్టర్ దాన్ని నింపుతుంది. పాటకు సగటున 50 వాట్లు పోయినా గంటకు 0.05 యూనిట్. రేంజిలో అర కిలోమీటరు కూడా కాదు. బండి రెడీలో లేకుండా గంటల తరబడి మోగిస్తే మాత్రం చిన్న బ్యాటరీ దిగిపోతుంది. క్లాస్ డి ఆంపే తీసుకోండి. లావుపాటి నారింజ రంగు కేబుళ్ల దరిదాపుల్లోకి చెయ్యి గానీ, డ్రిల్లు గానీ పోనివ్వొద్దు. వాటిలో ఉండేది వందల వోల్టులు.

ప్రశ్న: ట్వీటర్లు (సన్న శబ్దాల చిన్న స్పీకర్లు) అద్దం పక్క స్తంభంలో పెట్టాలని ఉంది. – తిరుపతి

జవాబు: ఆ స్తంభం తొడుగు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే వద్దు. లోపల కర్టెన్ బ్యాగు మడతపెట్టి ఉంటుంది. అది తెరుచుకుంటే ట్వీటరు తూటాలా వస్తుంది. అద్దం మూల తిన్నెలోనో, డ్యాష్‌బోర్డు మీదో పెట్టుకోండి. తొడుగు తీయాల్సి వచ్చినా బ్యాటరీ మైనస్ విప్పి కనీసం ఐదు నిమిషాలు ఆగాక తీయండి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మీటరు ప్రోబు కూడా తగిలించొద్దు.

ప్రశ్న: వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టాను. వేసవిలో ఒక పక్క స్పీకరు ఆగి ఆగి మోగుతోంది. – రామగుండం

జవాబు: టేపు జిగురు వేడికి కరిగి విడిపోయింది, బండి అదురుకు మెలిక వదులైంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం వెయ్యండి. సోల్డరింగ్ రాకపోతే వైరు మందానికి తగ్గ క్రింప్ బట్ కనెక్టర్ పెట్టి, కటింగ్ ప్లయర్‌తో కాకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కి, గట్టిగా లాగి చూడండి. ఊడి వస్తే కోసేసి మళ్లీ నొక్కండి. కట్ట మీద చుట్టడానికి నల్ల పీవీసీ టేపు బదులు కార్లకు వాడే గుడ్డ టేపు అడగండి.